చెన్నై ఉప్పుగాలిలో స్టీలు కట్టడానికి ఏ పూత? రెడ్ ఆక్సైడ్, ఎపాక్సీ, జింక్ ప్రైమర్, గాల్వనైజింగ్ పోలిక

శ్రీపెరంబుదూరులో ఒక షెడ్డు, తిరువొత్తియూరులో ఒక షెడ్డు. కట్టిన ఫ్యాబ్రికేటర్ ఒకరే, స్టీలు ఒకటే, పెయింటు ఒకటే అనుకోండి. మూడేళ్ల తర్వాత వెళ్లి చూస్తే మొదటిదానికి రంగు కాస్త వెలిసి ఉంటుంది, అంతే. రెండోదానికి పర్లిన్ల (కప్పు రేకులను మోసే అడ్డ కమ్మీల) అంచుల నుంచి గోధుమరంగు చారలు కారుతుంటాయి, బోల్టు తలలు పొరలు పొరలుగా రాలుతుంటాయి. యజమాని తిట్టేది పెయింటు కంపెనీని. చాలాసార్లు లోపం పెయింటులో ఉండదు. ఆ చోటికి అది సరిపోతుందా అని ముందు ఎవరూ అడగకపోవడంలో ఉంటుంది.

చెన్నైలో మనవాళ్లు నడిపే వర్క్‌షాపులు, గోడౌన్లు, అపార్టుమెంటు మిద్దెల మీద వేసుకునే షెడ్లు, ఫ్యాక్టరీల్లో కట్టుకునే మెజనైన్ అంతస్తులు, అన్నింటి దగ్గరా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, పైన ఎనామిల్ రెండు కోట్లు. చాలదా?" కొన్నిచోట్ల నిజంగానే చాలు. మరికొన్నిచోట్ల ఆ డబ్బు సముద్రంలో పోసినట్టే. ఈ తేడా తెలియాలంటే పెయింటు పేరుకంటే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. స్టీలు ఎక్కడ నిలబడబోతోంది? దాన్ని నిజంగా ఏ మేరకు శుభ్రం చేయించగలరు? రేపు మళ్లీ దాని దగ్గరికి చేరి పెయింటు వేయగలరా? ఈ మూడూ తేలితే పూత ఎంపిక దాదాపు అయిపోయినట్టే.

స్టీలు నిలబడే చోటు

గాలికి ఉన్న తుప్పు పట్టించే శక్తిని ఐఎస్ఓ 9223 ప్రమాణం సి1 నుంచి సి5 దాకా, ఆపైన సీఎక్స్ అని విభజించింది. కొలత సూటిగా ఉంటుంది. ఏ పూతా లేని మామూలు స్టీలు మొదటి ఏడాదిలో ఎన్ని మైక్రాన్లు కోల్పోతుందన్నదే లెక్క. సి2లో 1.3 నుంచి 25 మైక్రాన్లు, సి3లో 25 నుంచి 50, సి4లో 50 నుంచి 80, సి5లో 80 నుంచి 200.

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతే కదా, దానికింత టెన్షన్ ఎందుకు అనిపించవచ్చు. షెడ్డు కప్పుకు వాడే పర్లిన్ మందం 2 మిల్లీమీటర్లు అనుకుందాం. దానికి రెండు ముఖాలూ గాలికి తెరిచే ఉంటాయి. సి5 గాలిలో ముఖానికి 100 మైక్రాన్ల చొప్పున పోతే మొదటి ఏడాదే 0.2 మిల్లీమీటర్లు, అంటే మందంలో పదో వంతు పోయినట్టు. తర్వాతి ఏళ్లలో వేగం కొంత తగ్గుతుంది. అయినా పలచని స్టీలుకు ఇది చిన్న దెబ్బ కాదు. అదే 20 మిల్లీమీటర్ల దూలానికైతే తట్టుకునే శక్తి చాలా ఉంటుంది. పలచని సెక్షన్లకే మంచి పూత కావాలి. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. పెద్ద దూలానికి మంచి పెయింటు, పర్లిన్లకూ గొట్టాలకూ మిగిలింది పూసేస్తారు.

చెన్నైని నేను ఇలా అంచనా వేస్తాను. బీసెంట్ నగర్, తిరువాన్మియూరు, ఈసీఆర్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న స్థలాలు, కాశిమేడు, తిరువొత్తియూరు తీరం, ఎన్నూరు – వీటిని సి5 అనుకుని పని చేయించాలి. మణలిలో రిఫైనరీ, రసాయన కర్మాగారాల పొగ కూడా గాలిలో కలుస్తుంది కాబట్టి అదీ ఇదే లెక్కలోకి వస్తుంది. తీరం నుంచి ఒకటి రెండు కిలోమీటర్లు లోపలికి వచ్చే అడయారు, మైలాపూరు లాంటి చోట్లు సి4. గిండీ, పాడి, అంబత్తూరు సి3. శ్రీపెరంబుదూరు, ఒరగడం సి3లోనే కింది వైపు. బెంగళూరు పీణ్యాలో మామూలు షెడ్డుకైతే సి2, మహా అయితే సి3. రెండు ఊళ్లలోనూ యూనిట్లు ఉన్నవాళ్లు బెంగళూరులో బాగా నిలిచిందని అదే స్పెసిఫికేషన్‌ను ఎన్నూరుకు పంపుతుంటారు. అలా పంపకండి. ఇదంతా చిన్న, మధ్యతరహా పనులకు సరిపోయే అంచనా. పెద్ద ప్రాజెక్టుకైతే ఆ స్థలంలోనే స్టీలు, జింకు ముక్కలను ఏడాదిపాటు గాలికి ఉంచి, బరువు ఎంత తగ్గిందో తూచి నిర్ణయిస్తారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. వాన తగిలే భాగమే ముందు పాడవుతుందనుకుంటారు. తీరప్రాంతంలో కప్పు కింద, చూరు లోపల, దూలం అడుగు అంచు మీద ఉప్పు పేరుకుంటుంది. వాన దాన్ని కడగదు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని రాత్రంతా స్టీలును తడిగా ఉంచుతుంది. అందుకే సముద్రం పక్కన కొన్నిసార్లు పైభాగం బాగానే ఉండి అడుగుభాగం తుప్పు పడుతుంది. నాలుగు పక్కలా తెరిచి ఉండే పార్కింగ్ షెడ్డుకు "పైన కప్పు ఉందిగా" అని తక్కువ రకం పూత ఎంచుకోవడం పొరపాటు.

గోడలున్న పొడి గోడౌన్ లోపల మాత్రం కథ వేరు. అక్కడ సి1, సి2కు మించదు. లాండ్రీలు, డెయిరీల లోపల తేమ వల్ల సి3, ఈత కొలనుల పైకప్పుకు సి4 దాకా పోవచ్చు.

శుభ్రం చేయకపోతే ఏ పూతా నిలవదు

మొత్తం ఎంపికలో ఎక్కువ బరువు దీనికే ఇస్తాను. పెయింటు డబ్బా మీద రాసిన ఏళ్లన్నీ దాని కింది ఉపరితలం ఎలా ఉందన్నదాని మీదే నిలబడతాయి.

కొత్త స్టీలు మీద నీలం నలుపు రంగులో నున్నగా ఒక పొర కనిపిస్తుంది. అదే మిల్ స్కేల్. చూడటానికి పూతలా గట్టిగా ఉంటుంది కాబట్టి దాని మీదే ప్రైమర్ కొట్టేస్తారు. కొంతకాలానికి అది పగుళ్లిచ్చి, పైనున్న పెయింటును కూడా తీసుకుని ఊడిపోతుంది. పగులులోకి నీరు చేరితే, మిల్ స్కేల్‌కూ స్టీలుకూ మధ్య చిన్న బ్యాటరీ లాంటి చర్య జరిగి స్టీలు ఇంకా వేగంగా తినుకుపోతుంది. వైరు బ్రష్‌తో మిల్ స్కేల్ పోదు. గ్రైండర్‌తో కొంత పోతుంది. పూర్తిగా పోవాలంటే బ్లాస్టింగ్, అంటే గరుకు రేణువులను గాలి ఒత్తిడితో స్టీలు మీదికి కొట్టించే పని, చేయించాలి.

శుభ్రతకు గ్రేడ్లున్నాయి. చేతి పనిముట్లతో, పవర్ టూల్స్‌తో చేసేవి ఎస్‌టీ 2, ఎస్‌టీ 3. బ్లాస్టింగ్‌తో చేసే వాటిలో మనకు ఎక్కువగా కావలసింది ఎస్‌ఏ 2½. అంటే తుప్పు, మిల్ స్కేల్, పాత పెయింటు అన్నీ పోయి, చుక్కలుగానో చారలుగానో లేత మరకలు మాత్రమే మిగిలిన లోహపు రంగు. ఎపాక్సీ, జింక్ రిచ్ ప్రైమర్ల డేటా షీట్లలో చెప్పిన ఆయుష్షు ఈ గ్రేడ్‌కే. ఎస్‌టీ 2 చేసిన స్టీలు మీద ఖరీదైన సిస్టమ్ వేయడం పైన పటారం, లోన లొటారం.

బ్లాస్టింగ్‌కు ఇసుక వాడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పొడి ఇసుక ధూళి పీల్చిన కూలీలకు సిలికోసిస్ వస్తుంది, ఊపిరితిత్తులు మళ్లీ బాగుపడవు. తీరం ఇసుకైతే ఉప్పు కూడా స్టీలులోకి దిగుతుంది. గార్నెట్, కాపర్ స్లాగ్, స్టీల్ గ్రిట్ వాడే యార్డును వెతకండి.

ఉప్పు సంగతి ఇంకొంచెం చెప్పాలి. స్టీలు నాలుగు వారాలు తీరం దగ్గర యార్డులో పడి ఉంటే దాని తుప్పు గుంటల్లో క్లోరైడ్ చేరుతుంది. బ్లాస్టింగ్ తర్వాత కూడా అది కంటికి కనిపించకుండా కొంత మిగలవచ్చు. దాని మీద పెయింటు వేస్తే లవణం పూత గుండా నీటిని లాక్కుని బొబ్బలు లేపుతుంది. అందుకే బ్లాస్టింగ్‌కు ముందు మంచినీళ్లతో బాగా కడిగించాలి. ఏ నీళ్లన్నది చెన్నైలో ముఖ్యం. తీరం పక్క బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి, మీంజూరు వైపు సముద్రపు నీరు భూగర్భంలోకి చొచ్చుకొచ్చిన సంగతి తెలిసిందే. ఆ బోరు నీళ్లతో కడగడం ఉప్పు పూయడమే. మెట్రో వాటరో, తాగునీటి ట్యాంకరో తెప్పించండి. పెద్ద పనైతే బ్రెస్లే ప్యాచ్ అనే చిన్న పరీక్షతో ఉపరితలంలో ఉప్పు ఎంతుందో కొలిపించవచ్చు.

బ్లాస్ట్ చేసిన స్టీలుకు అదే పూట ప్రైమర్ పడాలి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది కాబట్టి, తీరం దగ్గర పొద్దున బ్లాస్ట్ చేసినదానికి ఆ గాలి రాకముందే మొదటి కోటు వేసేలా పని సర్దుకోవడం మేలు.

ఒక్కో పూత సంగతి

ముందు రెడ్ ఆక్సైడ్, ఎనామిల్. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెడ్ ఆక్సైడ్ జింక్ క్రోమేట్ ప్రైమర్‌కు ఐఎస్ 2074 అనే భారతీయ ప్రమాణం ఉంది. వేయడం సులువు, బ్రష్ చాలు, శుభ్రత కాస్త తగ్గినా ఓర్చుకుంటుంది, తర్వాత టచప్ చేయడమూ తేలిక. గోడౌన్ లోపలికి, బెంగళూరు లాంటి ఊళ్లో బయటికి ఇది న్యాయమైన ఎంపికే. దాన్ని చులకన చేయాల్సిన పని లేదు. కానీ కోటుకు 25, 30 మైక్రాన్లే కూడుతుంది. మూడు కోట్లు వేసినా వంద మైక్రాన్లు దాటదు. తీరంలో అది ఏ మూలకూ చాలదు. ఇంకో మాట. జింక్ క్రోమేట్‌లోని క్రోమియం క్యాన్సర్ కారకం. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నుంచి అమల్లో ఉన్నా, అది ఇళ్లకూ అలంకరణకూ వాడే పెయింట్లకే. పాత పొరలో సీసం కూడా ఉండొచ్చు. కాబట్టి పాత రెడ్ ఆక్సైడ్ పొరను గ్రైండర్‌తో గీకించేటప్పుడు పనివాళ్లకు మంచి మాస్క్ ఇవ్వండి, తువ్వాలు చాలదు.

తర్వాత ఎపాక్సీ ప్రైమర్, ఎపాక్సీ మధ్య కోటు, పైన పాలీయురెథేన్. సైట్లలో "ఎపాక్సీ పీయూ" అనేది దీన్నే. తీరప్రాంతపు కట్టడాలకు నేను మొదట చూసేది ఇదే. ఎపాక్సీ స్టీలుకు గట్టిగా పట్టుకుంటుంది, నీటిని బాగా అడ్డుకుంటుంది, ఒక్క కోటులోనే వంద మైక్రాన్లు కూడా కట్టవచ్చు. దాని లోపం ఎండ. ఎండకు ఎపాక్సీ సుద్దలా పొడి రాలుతుంది. అందుకే పైన పీయూ. లోపల, ఎండ తగలని చోట పీయూ ఖర్చు మిగుల్చుకోవచ్చు. మధ్య కోటులో మైకేషియస్ ఐరన్ ఆక్సైడ్ ఉన్న రకం దొరికితే తీసుకోండి. ఆ పొలుసులు ఒకదానిమీద ఒకటి పరుచుకుని నీటి దారిని పొడిగిస్తాయి.

ఇది రెండు డబ్బాల పెయింటు. బేస్, హార్డెనర్ కొలత ప్రకారం కలపాలి, కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి. రోహిణి కార్తె ఎండల్లో ఆ గడువు ఇంకా తగ్గుతుంది. గట్టిపడటం మొదలైన పెయింటులో థిన్నర్ పోసి సాగదీయడం సైట్లలో కళ్లముందే జరుగుతుంది. అలాంటి డబ్బా పారేయించాలి, యజమాని ఆ నష్టానికి సిద్ధపడాలి. ఆ పూత ఊడితే పోయేది ఒక డబ్బాకు ఎన్నో రెట్లు.

ఎపాక్సీ ప్రైమర్లలో జింక్ పేరుతో అమ్మేవాటి దగ్గర జాగ్రత్త. జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ వేరు, జింక్ రిచ్ ప్రైమర్ వేరు. మొదటిది మంచి ప్రైమరే, ధర తక్కువ, కానీ స్టీలు కోసం తాను కరిగిపోయే గుణం దానికి లేదు. జింక్ రిచ్ అంటే ఐఎస్ఓ 12944 ప్రకారం ఎండిన పొరలో బరువు లెక్కన కనీసం 80 శాతం జింక్ పొడి ఉండాలి. జింకు రేణువులు ఒకదానికొకటి, స్టీలుకూ తగిలి ఉంటాయి కాబట్టి గీత పడినా ముందు జింకే కరిగి స్టీలును కాపాడుతుంది. ఈ తగులుడు లేకపోతే ఆ గుణమే పనిచేయదు. తుప్పు మీదో, మిల్ స్కేల్ మీదో, పాత పెయింటు మీదో జింక్ రిచ్ కొట్టించడం వట్టి దండగ. ఎస్‌ఏ 2½ బ్లాస్టింగ్ కుదిరితేనే దాని జోలికి వెళ్లండి. కొటేషన్‌లో "జింక్ ప్రైమర్" అని మాత్రమే రాసి ఉంటే ఏ రకమో రాయించుకోండి.

మందం ఎంతుండాలన్నదానికి ఐఎస్ఓ 12944 చెప్పే లెక్క చూస్తే తేడా అర్థమవుతుంది. ఎక్కువ మన్నిక కావాలంటే సి3లో మామూలు ఎపాక్సీ సిస్టమ్ మొత్తం 180 మైక్రాన్లు, సి4లో 240, సి5లో 300. జింక్ రిచ్ ప్రైమర్ వాడితే అవే 160, 200, 260. ఎక్కువ మన్నిక అంటే మొదటి పెద్ద మరమ్మతు దాకా 15 నుంచి 25 ఏళ్లని అర్థం, అది గ్యారంటీ కాదు. రెడ్ ఆక్సైడ్, ఎనామిల్ కలిపి వచ్చే 80, 90 మైక్రాన్లను ఈ అంకెల పక్కన పెట్టి చూసుకోండి.

బ్లాస్టింగ్ అసలు కుదరని చోట, ఉదాహరణకు మనుషులు కాపురముంటున్న అపార్టుమెంటు మిద్దె మీది పాత షెడ్డుకు, సర్ఫేస్ టాలరెంట్ ఎపాక్సీ అని ఒకటి ఉంది. కొందరు ఎపాక్సీ మాస్టిక్ అంటారు. పవర్ టూల్స్‌తో ఎస్‌టీ 3 దాకా శుభ్రం చేసిన స్టీలుకు ఇది పట్టుకుంటుంది. గట్టిగా అంటుకుని ఉన్న పాత తుప్పును కొంత ఓర్చుకుంటుందే తప్ప పొరలుగా ఊడుతున్న తుప్పును కాదు. పాత కట్టడాలకు నాకు నచ్చే మందు ఇదే.

ఇనార్గానిక్ జింక్ సిలికేట్ రిఫైనరీలకు, ట్యాంకులకు. గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, చెన్నైలో ఆ తేమకు కొదవ లేదు. కానీ చేయి తిరిగిన అప్లికేటర్ కావాలి, చిన్న షెడ్డుకు అక్కర్లేదు. పౌడర్ కోటింగ్ లోపలి రాక్‌లకు, ఫర్నిచర్‌కు బాగుంటుంది. సముద్రం దగ్గర బయట పెట్టే స్టీలుకు ఒక్క పౌడర్ పొరనే నమ్ముకుంటే కోసిన అంచుల నుంచి తుప్పు లోపలికి పాకి షీటులా లేచిపోతుంది.

పాలీసిలోక్సేన్ అనేది పీయూ కంటే ఎండను మెరుగ్గా తట్టుకునే పై కోటు, ధరా ఎక్కువే. పాంబన్ దగ్గర 1914లో తెరిచిన పాత రైలు వంతెన తుప్పుతో బలహీనపడి 2022 డిసెంబరులో రైళ్లు ఆగిపోయాయి. 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన కొత్త వంతెనకు వాడినది పాలీసిలోక్సేన్ పూతే. మళ్లీ మళ్లీ ఎక్కి పెయింటు వేయడం సాధ్యంకాని చోట అంత ఖర్చుకు అర్థముంది.

గాల్వనైజింగ్: ఏ జీఐ (గాల్వనైజ్డ్ ఐరన్) అని అడగాలి

ఇది పూత కాదు, స్నానం. శుభ్రం చేసిన స్టీలును సుమారు 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచితే ఇనుము, జింకు కలిసి మిశ్రమ పొరలు ఏర్పడతాయి. మూలలు, అంచులు, గొట్టం లోపలి భాగం అన్నీ ఒకేసారి కవర్ అవుతాయి. పెయింటు అంచు దగ్గర పలచబడుతుంది, ఇది పలచబడదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 4759 ప్రకారం 5 మిల్లీమీటర్లు, ఆపై మందమున్న స్టీలుకు చదరపు మీటరుకు 610 గ్రాముల జింకు ఉండాలి, అంటే సుమారు 85 మైక్రాన్లు.

ఎన్నేళ్లు వస్తుందో మీరే లెక్కేసుకోవచ్చు. ఐఎస్ఓ 9223 ప్రకారం జింకు మొదటి ఏడాదిలో పోయేది సి3లో 0.7 నుంచి 2.1 మైక్రాన్లు, సి4లో 2.1 నుంచి 4.2, సి5లో 4.2 నుంచి 8.4. 85 మైక్రాన్లను వీటితో భాగిస్తే అంబత్తూరులో నలభై ఏళ్లు పైనే, అడయారులో ఇరవై నుంచి నలభై, ఎన్నూరు తీరంలో పది నుంచి ఇరవై.

ఇప్పుడు అసలు మోసపోయే చోటు. షాపులో రెడీగా దొరికే జీఐ చదరపు గొట్టాలు, షీట్లు కూడా జీఐ పేరుతోనే వస్తాయి. అవి ముందుగా గాల్వనైజ్ చేసిన పలచని షీటుతో తయారైనవి. 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) రకమైతే ఆ 120 గ్రాములు రెండు ముఖాలకూ కలిపి. ముఖానికి 60 గ్రాములు, అంటే ఎనిమిది మైక్రాన్ల పైచిలుకు మాత్రమే. సి5 గాలిలో ఏడాది రెండేళ్లకు మించదు. దాన్ని కోసి వెల్డింగ్ చేస్తే ఆ చోట జింకు కాలిపోయి అసలేమీ ఉండదు. బీసెంట్ నగర్‌లో మిద్దె మీద "జీఐ గొట్టాలే వేశాం సార్, అయినా తుప్పు పట్టింది" అనే మాట వెనుక కథ ఇదే. ఫ్యాబ్రికేషన్ అంతా అయ్యాక హాట్ డిప్ (పైన చెప్పిన కరిగిన జింకు స్నానం) చేయించడం వేరే సరుకు.

హాట్ డిప్‌కు షరతులున్నాయి. ముక్క తొట్టెలో పట్టాలి. రెండు చివరలూ మూసిన గొట్టానికి గాలి రంధ్రాలు తప్పనిసరి, లేకపోతే లోపలి తేమ ఆవిరై బాత్‌లో పేలిపోతుంది, మనుషుల ప్రాణాలకే ముప్పు. పలచని షీట్లు వేడికి వంకర పోవచ్చు. కట్టడాన్ని సైట్లో వెల్డింగ్ కాకుండా బోల్టులతో కలిపేలా మొదటే డ్రాయింగ్ వేయించుకోవాలి. ఈ మాట ఫ్యాబ్రికేషన్ అయ్యాక తోస్తే లాభం లేదు.

గాల్వనైజింగ్ మీద పెయింటు కూడా వేస్తే దాన్ని డూప్లెక్స్ సిస్టమ్ అంటారు. పెయింటు జింకును కాపాడుతుంది, జింకు పెయింటు కింద తుప్పు పాకకుండా ఆపుతుంది. రెండిటి ఆయుష్షు కూడితే వచ్చేదానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. సముద్రానికి ఎదురుగా పలచని సెక్షన్లతో కట్టేవాళ్లకు ఇంతకంటే మంచిది నాకు తెలియదు. అయితే జింకు మీద నేరుగా మామూలు ఎనామిల్ వేయకూడదు. ఎనామిల్‌లోని ఆల్కిడ్ రెసిన్ జింకుతో చర్య జరిపి సబ్బులా మారి పొరగా ఊడిపోతుంది. జిడ్డు తీసి, తేలికగా బ్లాస్ట్ చేసి, లేదా ఎచ్ ప్రైమర్ (జింకును కాస్త కొరికి పట్టు ఇచ్చేది) వేసి, జింకుకు తగిన ఎపాక్సీ ప్రైమర్‌తో మొదలుపెట్టాలి.

ధరను ఎలా పోల్చాలి

లీటరు ధర చూసి నిర్ణయిస్తే తప్పుదారి పడతారు. డేటా షీట్‌లో వాల్యూమ్ సాలిడ్స్ శాతం, అంటే పెయింటు ఆరాక పొరగా మిగిలే భాగం, ఉంటుంది. దాన్ని పదితో గుణించి, కావలసిన మైక్రాన్లతో భాగిస్తే ఒక లీటరు ఎన్ని చదరపు మీటర్లకు వస్తుందో తెలుస్తుంది.

లీటరు 250 రూపాయల ఎనామిల్, సాలిడ్స్ 40 శాతం అనుకుందాం. వంద మైక్రాన్ల మందానికి లీటరు 4 చదరపు మీటర్లే వస్తుంది, చదరపు మీటరుకు 62.50 రూపాయలు. లీటరు 450 రూపాయల ఎపాక్సీ, సాలిడ్స్ 80 శాతం అనుకుంటే లీటరు 8 చదరపు మీటర్లు, చదరపు మీటరుకు 56.25 రూపాయలు. డబ్బా ధర దాదాపు రెట్టింపు, పూత ధర తక్కువ. పైగా ఎనామిల్‌తో ఆ మందం రావాలంటే నాలుగైదు కోట్లు, ప్రతి కోటుకూ కూలీ, పరంజా. ఇవన్నీ కాగితం మీది లెక్కలు. స్ప్రేలో, సన్నని సెక్షన్లలో వృథా అయ్యేది వేరే కలుపుకోవాలి.

గాల్వనైజింగ్ రేటు కిలోల్లో, పెయింటు రేటు చదరపు మీటర్లలో ఉంటుంది. ఈ తేడానే ఎంపికను తేల్చేస్తుంది. 6 మిల్లీమీటర్ల ప్లేటు టన్నుకు రెండు వైపులా కలిపి సుమారు 42 చదరపు మీటర్లు. 12 మిల్లీమీటర్లదైతే 21 మాత్రమే. టన్ను గాల్వనైజింగ్‌కు దాదాపు అదే ఖర్చు. అందుకే పలచని స్టీలుకు గాల్వనైజింగ్ గిట్టుబాటు, బరువైన దూలాలకు పెయింటు గిట్టుబాటు. ఒకే కట్టడంలో కాలమ్‌లకు ఎపాక్సీ, పర్లిన్లకు గాల్వనైజింగ్ అని విడదీయడంలో తప్పేమీ లేదు.

నేనైతే

పొడి గోడౌన్ లోపలికి, బెంగళూరు వైపు మామూలు షెడ్డుకు: ఎస్‌టీ 3 శుభ్రత, ప్రైమర్, రెండు కోట్ల ఎనామిల్. అయిదారేళ్లకోసారి మళ్లీ వేసుకోవచ్చు.

అంబత్తూరు, గిండీ, ఒరగడంలో కొత్త షెడ్డుకు: యార్డులో ఎస్‌ఏ 2½ బ్లాస్టింగ్, జింక్ ఫాస్ఫేట్ ఎపాక్సీ ప్రైమర్, ఎపాక్సీ, పీయూ, మొత్తం 180 మైక్రాన్లు. పర్లిన్లకు గాల్వనైజింగ్.

తీరానికి ఒకటి రెండు కిలోమీటర్లలో: ఎస్‌ఏ 2½, జింక్ రిచ్ ఎపాక్సీ, మధ్య కోటు, పీయూ కలిపి 200 మైక్రాన్లకు తగ్గకుండా. సముద్రానికి ఎదురుగా, ఎన్నూరు, మణలిలో అయితే 260. పలచని స్టీలైతే డూప్లెక్స్. బడ్జెట్ చాలకపోతే పై కోటు రంగులో, మెరుపులో తగ్గించుకోండి. బ్లాస్టింగ్‌లో, మందంలో తగ్గించకండి.

మిద్దె మీది పాత షెడ్డు, బ్లాస్టింగ్ కుదరదు: మంచినీళ్లతో కడగడం, గ్రైండర్‌తో ఎస్‌టీ 3, సర్ఫేస్ టాలరెంట్ ఎపాక్సీ రెండు కోట్లు, ఎండ తగిలే చోట పీయూ. గొట్టం మీద సుత్తితో తట్టినప్పుడు చిల్లు పడితే ఆ ముక్క మార్చాలి, పెయింటుతో బలం రాదు.

ఏ సిస్టమ్ ఎంచుకున్నా అంచులు, వెల్డింగులు, బోల్టుల దగ్గర ముందుగా బ్రష్‌తో అదనంగా ఒక స్ట్రైప్ కోటు వేయించండి. పదునైన అంచులను గ్రైండ్ చేసి గుండ్రంగా చేయించాలి, వెల్డింగ్ చిందులు తీసేయాలి. కాలమ్ అడుగు ప్లేటు దగ్గర నీళ్లు నిలవకుండా కాంక్రీటుకు వాలు ఉండాలి. మంచి పూత వేసిన కట్టడానికి పలచని ఎలక్ట్రోప్లేటింగ్ బోల్టులు బిగించడం చూస్తుంటాం. అవే ముందు తుప్పు పడతాయి. హాట్ డిప్ బోల్టులు అడగండి.

కాలం సంగతీ చూసుకోవాలి. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో బయట పెయింటు పని పెట్టుకోకపోవడమే నయం. గాలిలో తేమ 85 శాతం లోపు, స్టీలు ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలన్నది నియమం. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజు మంచు బిందువు 26 డిగ్రీల పైనే. అంటే స్టీలు 29 దాటాలి. రాత్రంతా చల్లబడిన దూలం పొద్దున్నే అంత ఉండదు. ఎండెక్కేదాకా ఆగాలి. మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలిపోతున్నా వేయకూడదు, పరుచుకునేలోపే పెయింటు ఆరిపోతుంది.

కొటేషన్‌లో ఇవి రాతపూర్వకంగా ఉండాలి: శుభ్రత గ్రేడ్, ఒక్కో కోటు పేరు, ఒక్కో కోటు ఎండిన మందం మైక్రాన్లలో, స్ట్రైప్ కోటు, కొలిచే బాధ్యత ఎవరిది. ఎల్కోమీటర్‌తో (పూత మందం కొలిచే పరికరంతో) కొలిచినప్పుడు సగటు అనుకున్న మందానికి తగ్గకూడదు, ఏ ఒక్క రీడింగూ అందులో 80 శాతానికి తగ్గకూడదు. "రెండు కోట్లు" అని మాత్రమే రాసిన కొటేషన్‌ను వెనక్కి పంపండి. చివరి బిల్లు ఈ కొలతలు చేతికి వచ్చాకే కట్టండి. తర్వాత ఏటా జనవరిలో, వానలు వెళ్లాక, ఒకసారి నిచ్చెన వేసి అంచులు, బోల్టులు, కప్పు అడుగుభాగం చూసి, ఉప్పు మంచినీళ్లతో కడిగించి, గీతలు పడినచోట అదే పెయింటుతో టచప్ చేయించండి.